రసమూ – పిప్పీ

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నానికి చేరువనున్న మాకవరపాలెం ప్రాంతం చెరకు రుచి ఎరిగిన సీమ. మెట్టభూముల్లో జీడిమామిడి, పల్లపు భూముల్లో వరి, నీటివసతి గలచోట చెరకు ఇక్కడి రైతు జీవనాధారాలు. ఇటీవలి కాలంలో చెరకు విస్తీర్ణం మునుపటికంటె తగ్గినప్పటికీ, సంక్రాంతికి ముందూ వెనుకా గానుగ ఆడుతున్నచోట పాకం వాసన గాలిలో తేలివస్తూనే ఉంటుంది. ఇలా తయారైన బెల్లం దిమ్మలు చేరే అనకాపల్లి మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరొందింది.

గానుగ సరిగా ఆడుతున్నదా లేదా అన్నది తెలుసుకోవడానికి అనుభవజ్ఞుడైన రైతు కారుతున్న రసాన్ని చూడడు. వెనుకనుండి వచ్చే పిప్పిని గుప్పిట పట్టి పిండి చూస్తాడు. చేతికి తడి తగిలితే రోలర్ల నడుమ సందు ఎక్కువైనదని అర్థం. ఆ తడి అంతా అతనికి రావలసిన బెల్లమే. నూరు కిలోల చెరకుకు పది పన్నెండు కిలోల బెల్లం మాత్రమే దిగే వ్యవసాయంలో పిప్పితో పోయే ప్రతి చుక్కకూ లెక్క ఉంటుంది. యంత్రం ఇచ్చినదానిని కాక, అది విడిచిపెట్టినదానిని పరీక్షించే ఈ పద్ధతి చాలా తెలివైనది. నేడు పట్టణాల్లోనూ పల్లెల్లోనూ వంటింటికి చేరుతున్న పండ్లరసపు యంత్రాలను, అనగా జ్యూసర్లను, ఎంచుకోవడానికి ఇంతకంటె మంచి కొలబద్ద మరొకటి లేదు.

యంత్రంతో రసం తీయడం మనకు కొత్త కాదు. కొయ్యగానుగలు తరతరాలుగా ఉన్నాయి. 1870ల దశకంలో బీహారులోని బిహియా అనే ఊరిలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు బ్రిటిషువారు ఎద్దులతో తిరిగే ఇనుప రోలర్ల గానుగను రూపొందించారు. ఇటువంటి ఇనుప గానుగలు క్రమంగా దేశమంతటా కొయ్యగానుగ స్థానాన్ని ఆక్రమించాయి. తరువాత ఎద్దుల స్థానంలో డీజిలు ఇంజనూ, విద్యుత్తు మోటారూ వచ్చాయి. శక్తినిచ్చేది మారింది గాని, గట్టి రోలర్ల నడుమ చెరకును నలిపి రసాన్నీ పిప్పినీ వేరుచేసే సూత్రం మాత్రం మారలేదు.

యంత్రం తీసిన రసం మంచిదా, కాదా అన్న చర్చ కూడా నేటిది కాదు. ప్రాచీన వైద్యులు దంతాలతో నమిలి మింగిన చెరకురసానికీ, యంత్రంలో పిండిన చెరకురసానికీ భేదం చెప్పారు. చరకసంహితలో యంత్రరసం విదాహకరమని, అనగా కడుపులో మంట కలిగించేదని ఉన్నది. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని సూత్రస్థానంలో ఇందుకు కారణాన్ని కూడా వివరించాడు. మనిషి నమిలేటప్పుడు మంచి ముక్కను ఏరుకొంటాడు. యంత్రమైతే మొదలు, కొస, పురుగు తిన్న భాగం అన్నింటినీ కలిపి పిండుతుంది. అందువల్ల మలినాలు రసంలో చేరతాయి. పైగా ఆ రసం కొంతసేపు నిలవ ఉంటుంది. ఈ రెండు కారణాలవల్ల అది చెడుతుందని ఆయన అభిప్రాయం. సూక్ష్మజీవుల పేరు ఎవరికీ తెలియని కాలంలో కేవలం పరిశీలనతో చెప్పిన ఈ మాట నేటి జ్యూసరుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. పండ్లను కడగకుండా, కుళ్ళిన భాగం కోసివేయకుండా యంత్రంలో పడవేసి, తీసిన రసాన్ని సాయంత్రందాకా ఉంచి త్రాగేవారికి ఎంత ఖరీదైన యంత్రమూ మేలు చేయదు.

ఇక ఇంటికి తగిన యంత్రం విషయానికి వద్దాం. మాకవరపాలెంలోని ఒక సాధారణ కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంటిలో ఒకరు జ్వరంపడి లేచారు. రోజూ పండ్లరసం ఇస్తే బలం వస్తుందని ఎవరో చెప్పారు. ఆ ఇంటి యజమాని నర్సీపట్నం వెళ్ళి దుకాణంలో అడిగితే, వందల రూపాయల చేతి పరికరం మొదలుకొని పదుల వేల రూపాయల విద్యుత్ యంత్రందాకా వరుసగా చూపిస్తారు. ఒకదానిమీద వాట్ల సంఖ్య పెద్ద అక్షరాలతో ఉంటుంది. మరొకదానిమీద 'కోల్డ్ ప్రెస్' అని ఉంటుంది. అన్నింటి పెట్టెలమీదా ఎర్రని దానిమ్మగింజలూ, పచ్చని ఆకులూ ముద్రించి ఉంటాయి. బొమ్మలన్నీ ఒకటే అయినా, లోపల జరిగే పని ఒకటి కాదు.

వీటిలో అతి సామాన్యమైనది నిమ్మ, బత్తాయి, నారింజ పండ్లను పిండే పరికరం. గాడులు గల శంకువుమీద సగానికి కోసిన పండును బోర్లించి తిప్పడమే దాని పని. చేతితో తిప్పేదానికి విద్యుత్తు అక్కరలేదు, చెడిపోయే భాగమంటూ దాదాపు లేదు. బత్తాయిరసం మాత్రమే కావలసిన ఇంటికి ఇంతకు మించినది అవసరం లేదు. లాభం తక్కువ కాబట్టి కాబోలు, దుకాణదారులు దీనిని చివర చూపిస్తారు.

రెండవది అపకేంద్రబలంతో పనిచేసే జ్యూసరు. దీని అడుగున తురుముపీటవంటి పళ్ళున్న పళ్ళెం, దాని చుట్టూ సన్నని రంధ్రాల ఉక్కు జల్లెడ ఉంటాయి. ఇవి నిమిషానికి వేలసార్లు తిరుగుతాయి. గొట్టంలో వేసిన పండుముక్క పళ్ళెానికి తగిలి తురుముగా మారుతుంది. తడిబట్టను గిరగిర త్రిప్పినప్పుడు నీళ్ళు బయటికి చిమ్మినట్లు, ఆ తురుములోని రసం జల్లెడ రంధ్రాలగుండా బయటికి పోతుంది, పిప్పి వేరే గిన్నెలో పడుతుంది. పని నిమిషాల్లో పూర్తవుతుంది. అయితే అంత వేగంలో గాలి బాగా కలిసి రసంపై నురుగు కడుతుంది, కొంతసేపటికి నీరూ గుజ్జూ విడిపోతాయి. మిక్సీతోపాటు వచ్చే జల్లెడ జాడీ కూడా వేగంతో పనిచేసే ఈ కుటుంబానికి చెందినదే. అందులో బ్లేడు పండును ముక్కలు చేస్తే జల్లెడ వడకడుతుంది.

మూడవది మందగతి యంత్రం. దీనినే కోల్డ్ ప్రెస్ అంటారు. ఇందులో మరమేకు ఆకారంలో మెలికలు తిరిగిన లావుపాటి కడ్డీ నిమిషానికి నలభై మొదలు ఎనభైసార్లు మాత్రమే తిరుగుతూ, ముక్కను జల్లెడ గోడకు అదిమి నలుపుతుంది. తురమడం తక్కువ, పిండడం ఎక్కువ. జాగ్రత్తగా గమనిస్తే ఇది మన చెరకు గానుగకు దగ్గరి చుట్టమని తెలుస్తుంది. ఆకుకూరలు, అల్లం, ఉసిరి, పీచు గల పండ్లు దీనిలో బాగా పిండబడతాయి. కాని చుట్టరికం ఉన్నది కదా అని ఇందులో చెరకు వేయరాదు. చెరకు పీచు ఇనుప రోలర్లకు తగినది. ఇంటి యంత్రంలో అది కడ్డీకి చుట్టుకొని జల్లెడను పగులగొడుతుంది.

ఏ పండుకు ఏ యంత్రం అన్నదానికి మన సాహిత్యశాస్త్రంలోనే ఒక చక్కని ఉపమానం దొరుకుతుంది. కవిత్వశైలిని మన పెద్దలు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు విధాలుగా చెప్పారు. ద్రాక్ష నోట వేసుకొనగానే రసం ఊరుతుంది. అరటిపండు తొక్క ఒలిస్తే గాని అందదు. కొబ్బరికాయ పీచు తీసి, పెంకు పగులగొట్టి, నమిలితే గాని రుచి ఇవ్వదు. కవిత్వం సంగతి అటుంచి పండ్ల సంగతి చూసినా ఈ విభజన తప్పు కాదు. ద్రాక్ష, పుచ్చ, బత్తాయివంటి ద్రాక్షాపాకపు పండ్లకు ఏ యంత్రమైనా చాలు. క్యారెట్టు, బీట్‌రూటు, ఉసిరి వంటివి నారికేళపాకం. వీటి విషయంలోనే యంత్రాల తారతమ్యం బయటపడుతుంది. ఇక కదళీపాకానికి పేరిచ్చిన అరటిపండే జ్యూసరుకు లొంగదు. అరటి, మామిడి, సపోటా, బొప్పాయి గుజ్జుపండ్లు. వీటిని జ్యూసరులో వేస్తే జల్లెడ రంధ్రాలు పూడుకొంటాయే గాని రసం దిగదు. వీటికి మిక్సీ జాడీయే సరైనది. ఇంటిలో మామిడిపండ్లరసమే ఎక్కువగా త్రాగేవారు జ్యూసరు కొనడం డబ్బు వృథా చేయడమే.

జీడిమామిడి పండు ఈ ప్రాంతపు ప్రత్యేకత గనుక దానిని గురించి ఒక మాట. గింజకున్న గిరాకీ పండుకు లేక ఎంతో భాగం తోటలోనే రాలి కుళ్ళిపోతుంది. దానినుండి రసం సులభంగానే దిగుతుంది గాని, గొంతును పట్టే వగరు దానిలో ఉంటుంది. ఆ వగరుకు కారణమైన టానిన్లను తొలగించే శక్తి ఏ జ్యూసరుకూ లేదు. గంజినీళ్ళవంటివి కలిపి, వగరును అడుగుకు దింపి, తేటను వడకట్టుకోవలసినదే.

వాట్ల సంఖ్యను చూసి యంత్రాన్ని కొనడం సర్వసాధారణమైన భ్రమ. వాట్లు యంత్రం ఎంత విద్యుత్తు తీసుకొంటుందో చెబుతాయి గాని, ఎంత రసం ఇస్తుందో చెప్పవు. అలాగే తక్కువ వాట్ల మందగతి యంత్రం కొంటే కరెంటు బిల్లు తగ్గుతుందనడం కూడా పొరపాటే. 500 వాట్ల వేగవంతమైన యంత్రం 5 నిమిషాలు నడిస్తే సుమారు 42 వాట్ గంటల విద్యుత్తు ఖర్చవుతుంది. అదే పనిని 200 వాట్ల మందగతి యంత్రం 12 నిమిషాల్లో చేస్తే 40 వాట్ గంటలు ఖర్చవుతుంది. ఒక యూనిట్ అనగా 1000 వాట్ గంటలు. అంటే రెండింటిలో దేనిని వాడినా ఒక యూనిట్ ఖర్చు కావడానికి ఇరవైనాలుగైదు రోజులు పడుతుంది. విద్యుత్తు విషయంలో రెండూ సమానమే గనుక ఎంపికకు ఇది కారణం కానేరదు. అంతకంటె, యంత్రాన్ని ఆపకుండా ఎన్ని నిమిషాలు నడపవచ్చునో అడిగి తెలుసుకోవడం ముఖ్యం. వేసవి సాయంత్రాల్లో పల్లెల్లో వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు వేగం తగ్గి, ముక్క ఇరుక్కొని, తీగచుట్ట వేడెక్కుతుంది. అటువంటప్పుడు తానే ఆగిపోయే రక్షణమీట ఉన్న యంత్రం కాలిపోకుండా బ్రతుకుతుంది.

వేగంగా తిరిగే యంత్రంలో పుట్టే వేడికి విటమిన్లన్నీ నశిస్తాయని ప్రకటనల్లో చెబుతారు. ముక్క ఆ పళ్ళెంమీద ఉండేది క్షణకాలమే. ఆ కొద్ది వ్యవధిలో రసం వేడి స్వల్పంగా మాత్రమే పెరుగుతుంది. విటమిన్ సి తరుగుదలకు ముఖ్యకారణం గాలి సోకడం, నిలవ ఉండడం. కోసిన ఆపిలు ముక్క గోధుమరంగుకు తిరగడానికీ, చెరకురసం కాసేపటికే నల్లబడడానికీ గాలిలోని ఆక్సిజను, పండులోని ఎంజైములు కారణం. చెరకురసం అమ్మేవాడు నిమ్మకాయ పిండడం రుచికోసమే అనుకొంటాం. నిమ్మలోని ఆమ్లం ఈ ఎంజైముల పనిని మందగింపజేసి, రంగును కూడా కాపాడుతుంది. మందగతి యంత్రపు రసంలో నురుగు తక్కువ, నిలకడ కొంత ఎక్కువ అన్నది నిజం. కాని తీసిన వెంటనే త్రాగే ఇంటిలో ఆ తేడాకు వేలకు వేలు చెల్లించవలసిన పని లేదు.

ఖరీదుకూ ప్రయోజనానికీ పొంతన లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం ప్రసిద్ధం. 2016లో జ్యూసెరో అనే సంస్థ 699 డాలర్ల ధరకు ఒక యంత్రాన్ని విడుదల చేసింది. తరిగిన పండ్లు, కూరలు నింపి ఆ సంస్థే అమ్మే సంచులను అందులో పెడితే, యంత్రం వాటిని నొక్కి రసం తీసేది. ఆ వ్యాపారంలో పన్నెండు కోట్ల డాలర్లదాకా పెట్టుబడి పెట్టారు. 2017 ఏప్రిలులో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ సంచిని ఉత్త చేతులతో పిండి, దాదాపు అంతే రసాన్ని తీసి చూపించారు. అదే ఏడాది సెప్టెంబరులో సంస్థ మూతపడింది. సంచి చేతికి ఎలా లొంగుతుందో పిండి చూడవలసిన పని, మన రైతు రోజూ పిప్పిని పిండి చూసే పనికి భిన్నమైనది కాదు. పెట్టుబడి పెట్టినవారికి అది తోచలేదు.

కనుక దుకాణంలో యంత్రాన్ని నడిపి చూపమని అడగడానికి వెనుకాడరాదు. రెండు క్యారెట్లు వెంట తీసుకొనిపోయినా తప్పు లేదు. రసం ఎంత వచ్చిందన్నది చూసి, తరువాత పిప్పిని గుప్పిట పట్టి పిండాలి. చేతివ్రేళ్ళ సందుల్లోనుండి రసం కారితే, ప్రతిరోజూ కొన్న పండ్లలో కొంత పిప్పితో పోతుందన్నమాట. క్యారెట్టు, ఉసిరివంటివి రోజూ పిండే ఇంటిలో ఈ నష్టం ఏడాది తిరిగేసరికి యంత్రాల ధరల తేడాను మించవచ్చు. వారానికొకసారి బత్తాయిరసం త్రాగే ఇంటిలో ఎన్నటికీ మించదు. యంత్రం మంచిచెడ్డలు యంత్రంలోనే కాక, వాడే ఇంటిలోకూడా ఉంటాయి.

పిప్పి పరీక్ష తరువాత జల్లెడ పరీక్ష. యంత్రాన్ని విప్పి, ఎన్ని భాగాలున్నాయో లెక్కపెట్టి, మళ్ళీ బిగించి చూడాలి. జల్లెడ రంధ్రాల్లో చిక్కిన పీచు ఆరిపోతే రాయిలా గట్టిపడుతుంది. వెంటనే కుంచెతో రుద్ది కడగకపోతే మరునాడు పులిసిన వాసన వస్తుంది. వాగ్భటుడు చెప్పిన మలినం వంటిదే ఇది. మన ఇళ్ళలో ఈ కడిగే పని ఎక్కువగా ఇల్లాలిమీదనే పడుతుంది. త్రాగేవారు నలుగురు, కడిగేవారు ఒక్కరు. యంత్రాన్ని ఎంచుకొనేటప్పుడు ఆ ఒక్కరి మాట వినకపోవడంవల్లనే అనేక గృహాల్లో జ్యూసర్లు మూడు నెలలు తిరగకుండా అటకెక్కుతున్నాయి. మూత సరిగా బిగించనిదే మోటారు తిరగని ఏర్పాటు, మూడు పిన్నుల ప్లగ్గు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవో లేవో కూడా అక్కడే చూసుకోవాలి. విడిభాగాలు నర్సీపట్నంలోనో అనకాపల్లిలోనో దొరుకుతాయా అని అడిగి తెలుసుకోవాలి. ఒక్క జల్లెడకోసం విశాఖపట్నం వెళ్ళవలసివస్తే, దాని ధరకు ఛార్జీలను కూడా కలుపుకోవాలి. రసీదు, గ్యారంటీ కార్డు భద్రపరచుకొంటే, వస్తువు లోపభూయిష్టమైనదైనప్పుడు 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉంటుంది. 1915 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇంతవరకూ చెప్పినది రసం తీయడం గురించి. అసలు రసం తీయాలా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. చెరకు పిప్పిని మనిషి తినలేడు. అందువల్ల రసాన్ని వేరుచేయక తప్పదు. ఆ పిప్పి కూడా వృథా కాదు. ఎండి, బెల్లం పెనం క్రింద వంటచెరకై మండుతుంది. పండు విషయం వేరు. బత్తాయి తొనలోని పొరలు, జామలోని గుజ్జు మనకు ఆహారమే. అందులోని పీచు చక్కెర రక్తంలోకి మెల్లగా చేరేటట్లు చేస్తుంది, కడుపు నిండిన తృప్తినిస్తుంది. జ్యూసరు ఆ పీచులో చాలా భాగాన్ని పిప్పి గిన్నెలో పడవేసి, చక్కెరను గ్లాసులోకి పంపుతుంది. మూడు నాలుగు బత్తాయిలను ఒక్కసారి కూర్చుని తినడం కష్టం. వాటి రసాన్ని అర నిమిషంలో త్రాగవచ్చు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో రసంకంటె పండునే తినమని సూచించింది. చెరకురసంలో 100 మిల్లీలీటర్లకు 13 నుండి 15 గ్రాముల చక్కెర ఉంటుందనీ, పెద్దలు రోజుకు 30 గ్రాములకు మించి చక్కెర తీసుకోరాదనీ అందులో ఉన్నది. అంటే 250 మిల్లీలీటర్ల ఒక్క గ్లాసు చెరకురసంతోనే ఆ హద్దు దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పండ్లరసంలోని చక్కెరను విడి చక్కెర కింద లెక్కకట్టాయి. పైన పంచదార వేయకపోయినా ఈ లెక్క మారదు. మధుమేహం ఉన్నవారు ఇంటిలో ఉంటే, జ్యూసరు కొనేముందు వైద్యుని అడగడం దుకాణదారుని అడగడంకంటె శ్రేయస్కరం.

జ్వరంపడి లేచి నమలలేని రోగికి, పళ్ళూడిన వృద్ధులకు రసం ఉపకరిస్తుంది. వారికి రోజుకొక చిన్న గ్లాసు బత్తాయిరసం కావాలంటే చేతి పరికరం చాలు. ఎప్పుడైనా క్యారెట్టు రసం కావలసివస్తే, మిక్సీలో రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టుకోవచ్చు. ఉసిరి, అల్లం, ఆకుకూరల రసాలు రోజూ తీసే అలవాటు నిజంగా ఉన్న ఇంటికి మందగతి యంత్రం తగినది. అంతటి అలవాటు లేక, నలుగురికీ త్వరగా కావాలనేవారికి అపకేంద్ర జ్యూసరు సరిపోతుంది. ఏది కొన్నా పిప్పి గిన్నెను పారబోయనక్కరలేదు. క్యారెట్టు పిప్పిని కొబ్బరి, పచ్చిమిరప చేర్చి పచ్చడిగానో, పిండిలో కలిపి రొట్టెగానో చేసుకోవచ్చు. అదీ మిగిలితే పెరటిలోని పశువు తింటుంది.